కొత్త సరంజామాతో పాత పేల్ ఏల్ ఎందుకు రాదు?

పేల్ ఏల్ అనే లేత రంగు బీరుకు రెసిపీ పాతదే. మాల్ట్, హాప్స్ (చేదునూ వాసననూ ఇచ్చే పూలు), ఈస్ట్ పొట్లం అన్నీ ఎప్పుడూ కొనేవే. పాత్రలు మాత్రం మారాయి. పొయ్యి మీది స్టీలు గంగాళం, వేడిని నిలిపే ప్లాస్టిక్ కూలర్ డబ్బా పక్కకు వెళ్లి, పంపు ఉన్న ఎలక్ట్రిక్ కెటిల్ వచ్చింది. పులియబెట్టే బకెట్టు బదులు అడుగున సన్నగా ఉండే స్టీలు కోనికల్, సీసాల బదులు కెగ్ (లోహపు పీపా) వచ్చాయి. తీరా గ్లాసులో పోస్తే బీరు మందంగా, తియ్యగా ఉంటుంది, చేదు ఎక్కడో వెనక్కి పోయి ఉంటుంది. ఇంకొకరి ఇంట్లో ఇదే మార్పు చేస్తే పల్చగా నీళ్లలా వస్తుంది. ఖర్చు పెట్టి మంచి సామాను కొన్నాక బీరు ఎందుకు తేడా వస్తుందన్నది అమెరికాలో ఇంట్లో బీరు తయారుచేసుకునే చాలామందికి చిక్కుముడి.

సామాను మారినప్పుడు రెండు వేర్వేరు సంగతులు జరుగుతాయి. ఒకటి, రెసిపీ కింద దాగి ఉన్న అంకెలు మారిపోతాయి: ఎంత చక్కెర చేతికొచ్చింది, ఎంత నీరు ఆవిరైంది, ఎంత చేదు దిగింది. రెండు, కొన్ని పరికరాలు రుచిని నిజంగా బాగుచేస్తాయి, కొన్ని శ్రమను మాత్రమే తగ్గిస్తాయి. ఈ రెండింటినీ కలిపేయడం వల్లే గందరగోళం.

ముందు చట్టం సంగతి

అమెరికాలో 1978 అక్టోబరులో జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం, 1979 ఫిబ్రవరి 1 నుంచి సొంత వాడకానికి ఇంట్లో చేసుకునే బీరుపై ఫెడరల్ పన్ను ఎత్తేసింది. వయోజనుడు ఒక్కరే ఉన్న ఇంటికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకుమించి ఉంటే 200 గ్యాలన్లు. అమ్మకూడదు. రాష్ట్రాలు విడిగా ఒప్పుకోవాలి. అందరికన్నా ఆలస్యంగా మిసిసిపి, అలబామా 2013లో ఒప్పుకున్నాయి. బట్టీ పెట్టి సారా కాచడానికి ఈ మినహాయింపు వర్తించదు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం ఆబ్కారీ చట్టం కింద నేరం. హైదరాబాద్‌లో మైక్రోబ్రూవరీలు ఉన్నా అవి లైసెన్సుతో నడిచేవి. అందుకే ఈ వ్యాసంలోని లెక్కలన్నీ అమెరికా ఇంటి గ్యారేజీకీ, అక్కడి 120 వోల్టుల కరెంటుకీ సంబంధించినవి. డిగ్రీలన్నీ సెల్సియస్‌లో ఉన్నాయి.

పేల్ ఏల్‌లో తప్పు ఎందుకు దాగదు

రాగి మాల్టు తెలిసినవాళ్లకు బార్లీ మాల్ట్ కొత్తేమీ కాదు. గింజను నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టడమే. దాన్ని పలగ్గొట్టి 67 డిగ్రీల దగ్గరి వేడినీళ్లలో గంటసేపు ఉంచితే, మొలకలో పుట్టిన ఎంజైములు పిండిని చక్కెరగా మారుస్తాయి. ఇదే మ్యాష్. వడకట్టిన తీపి నీరు వోర్ట్. దాన్ని హాప్స్‌తో మరిగించి, చల్లార్చి, ఈస్ట్ వేస్తే పులిసి బీరవుతుంది.

అమెరికన్ పేల్ ఏల్‌కు ఒరవడి పెట్టింది కాలిఫోర్నియాలోని చీకో పట్టణం. కెన్ గ్రాస్‌మన్ అక్కడ ఇంట్లో బీరు చేసుకునేవాళ్లకు సామాను అమ్మే దుకాణం నడిపి, తర్వాత డైరీల నుంచి కొన్న పాత పాల ట్యాంకులతో సియెర్రా నెవాడా బ్రూవరీ కట్టాడు. 1980లో వచ్చిన వాళ్ల పేల్ ఏల్‌లో 1972లో విడుదలైన కాస్కేడ్ హాప్స్ వాసనే ప్రధానం. పంపరపనస తొక్కను గోటితో గిల్లితే చిమ్మే వాసనకు అది చాలా దగ్గర.

లేత మాల్ట్, శుభ్రంగా పులిసే ఈస్ట్, పైన హాప్స్ వాసన: ఈ బీరులో ఉన్నవి ఇంతే. నల్లటి బీరైన స్టౌట్‌లో మాడ్చిన మాల్ట్ రుచి చిన్నచిన్న లోపాలను కప్పేస్తుంది. ఇక్కడ కప్పడానికి ఏమీ లేదు. కొత్త సామానుకు పేల్ ఏల్‌ని మించిన పరీక్ష లేదు.

అదే 4.9 కిలోల మాల్ట్, మూడు వేర్వేరు బీర్లు

ఉదాహరణకు పులియబెట్టే పాత్ర, అంటే ఫెర్మెంటర్‌లోకి 21 లీటర్లు చేరేలా ఒక విడత తీసుకుందాం. ప్రధానమైన లేత మాల్ట్ టూ-రో 4.5 కిలోలు, రంగూ తీపీ ఇచ్చే క్రిస్టల్ 40 మాల్ట్ 400 గ్రాములు. 60 నిమిషాలు మరిగేందుకు చేదునిచ్చే ఆల్ఫా ఆమ్లం 12 శాతం ఉన్న మాగ్నమ్ హాప్స్ 15 గ్రాములు. చివరి 15 నిమిషాలకు కాస్కేడ్ 20 గ్రాములు, చివరి 10 నిమిషాలకు 28 గ్రాములు. మంట ఆపాక 80 డిగ్రీల దగ్గర మరో 40 గ్రాములు, పులిశాక చల్లగా 56 గ్రాములు. ఈస్ట్ యూఎస్-05 పొట్లం, 11.5 గ్రాములు.

వోర్ట్ సాంద్రతను పాయింట్లలో చెబుతారు, 1.051 అంటే 51 పాయింట్లు. ఒక కిలో టూ-రోలోని చక్కెరంతా ఒక లీటరులోకి దిగితే సుమారు 308 పాయింట్లు, క్రిస్టల్ 40 అయితే 284. మన మాల్ట్‌లో మొత్తం 1,386, 114 కలిపి 1,500 పాయింట్లు ఉన్నాయన్నమాట. అందులో ఎంత శాతం ఫెర్మెంటర్‌లోకి చేరిందన్నదే ఎఫిషియెన్సీ.

పాత కూలర్‌తో 72 శాతం వచ్చేదనుకుంటే 1,080 పాయింట్లు, 21 లీటర్లకు 51. ఈస్ట్ చక్కెర తిని అది 1.011కి దిగితే తేడా 0.040. దాన్ని 131.25తో గుణిస్తే 5.25 శాతం ఆల్కహాల్. పేల్ ఏల్‌కు సరైన చోటు. కొత్తగా సొంత మిల్లు కొని గింజను ఇంకాస్త బాగా పలగ్గొట్టి, పంపుతో వోర్ట్‌ను గింజల మీదుగా తిప్పితే 82 శాతం రావచ్చు. అప్పుడు 1.059తో మొదలై 1.013 దగ్గర ఆగి 6 శాతం అవుతుంది. అదే కొత్త కెటిల్లో నీళ్లన్నీ ఒకేసారి పోసి, గింజలు కడగడం మానేస్తే 65 శాతానికి పడిపోవచ్చు. 1.046, ఆల్కహాల్ 4.7 శాతం.

బీరు తియ్యగా మారడం ఎక్కడ మొదలైందో ఇక్కడే తెలుస్తుంది. హాప్స్ మారలేదు కాబట్టి చేదు ఇంచుమించు 38 ఐబీయూ (చేదును కొలిచే అంకె) దగ్గరే ఉంది. 51 పాయింట్లకు 38 అంటే నిష్పత్తి 0.75. 59 పాయింట్లకు అదే 38 అంటే 0.64. హాప్స్ తగ్గలేదు, తీపి పెరిగింది. చాలామంది హాప్స్ పాతబడ్డాయేమోనని అనుమానపడి తర్వాతి విడతలో ఇంకో గుప్పెడు వేస్తారు. సమస్య ఉన్నది మిల్లు దగ్గర.

ఎఫిషియెన్సీ మోజులో మిల్లు రోలర్లను మరీ దగ్గరికి బిగించినా ఇబ్బందే. ఒక మిల్లీమీటరు సందు మామూలు కొలత. అంతకన్నా బాగా తగ్గిస్తే పొట్టు చిరిగి పిండై గింజల పొర బురదలా బిగుసుకుంటుంది. పంపు పూర్తిగా తెరిస్తే పొర ఇంకా నొక్కుకుపోతుంది, కింద వోర్ట్ ఖాళీ అయి వేడిచేసే కాయిల్ మాడుతుంది. విరుగుడు మన వడ్ల మిల్లు దగ్గర దొరికేదే: ఊక. అమెరికా దుకాణాల్లో కడిగి ఆరబెట్టిన ఊకను పొట్లాల్లో అమ్ముతారు. దానికి రుచి లేదు, చక్కెర లేదు. నీరు జారడానికి దారి ఇస్తుంది.

నీళ్లు ఎక్కువైతే తొలి వేడి తగ్గాలి

కూలర్ పద్ధతిలో కిలో మాల్ట్‌కు 3 లీటర్ల నీళ్లు పోస్తారు. 20 డిగ్రీల గింజలు కలిశాక మ్యాష్ 67 దగ్గర నిలవాలంటే నీళ్లు ఎంత వేడిగా ఉండాలి? గింజలు వేడిని పీల్చే తీరుకు వాడే 0.41ని 3తో భాగించి, 67కీ 20కీ ఉన్న తేడా 47తో గుణిస్తే 6.4. అంటే నీళ్లు 73.4 డిగ్రీలు. కొత్త కెటిల్లో నీళ్లన్నీ ఒకేసారి పోస్తే కిలోకు 6 లీటర్లు. లెక్క సగమై 3.2 అవుతుంది, నీళ్లు 70.2 చాలు. పాత అలవాటుగా 73 దగ్గరే గింజలు వేస్తే మ్యాష్ 70కి చేరువవుతుంది. ఆ వేడిలో ఈస్ట్ తినలేని చక్కెరలు ఎక్కువగా మిగులుతాయి, బీరు 1.011 బదులు 1.015 దగ్గర ఆగిపోవచ్చు. తియ్యదనానికి ఇది రెండో కారణం.

కెటిల్ తెర మీద కనిపించే అంకె కూడా మోసం చేస్తుంది. సెన్సర్ ఉండేది అడుగున, కాయిల్ పక్కన. గింజల మధ్యలో వేడి అంతకన్నా కొన్ని డిగ్రీలు తక్కువ ఉండొచ్చు. పొడవైన థర్మామీటరును గింజల నడిమికి గుచ్చి చూస్తే గానీ తేడా బయటపడదు.

120 వోల్టుల ప్లగ్గు ఎంత లాగగలదు

అమెరికా ఇళ్లలో మామూలు ప్లగ్గు 120 వోల్టులు, 15 ఆంప్స్. దాని మీద పనిచేసే కెటిళ్లు 1,500 వాట్ల చుట్టుపక్కల ఉంటాయి. 25.5 లీటర్ల వోర్ట్‌ను 67 నుంచి 100 డిగ్రీలకు తేవడానికి సుమారు 3,500 కిలోజౌళ్లు కావాలి. 1,500 వాట్లతో, ఏ నష్టమూ లేకున్నా, 39 నిమిషాలు. నిజంగా గంట పడుతుంది. 240 వోల్టుల లైను మీద 3,500 వాట్ల కెటిల్ అయితే అదే లెక్క 17 నిమిషాలు.

సమయం పోతే పోయింది, రుచి మీద దెబ్బ ఆవిరి దగ్గర పడుతుంది. ఆరుబయట గ్యాస్ బర్నర్ మీద గంటకు 4 లీటర్లు ఎగిరిపోయేచోట, చిన్న ఎలక్ట్రిక్ కెటిల్లో 2 లీటర్లే పోవచ్చు. మరగక ముందు 25.5 లీటర్లు, 44 పాయింట్లు ఉంటే మొదటి చోట చివరికి 1.052, రెండోచోట 1.048. గింజలు, ఎఫిషియెన్సీ ఏమీ మారకపోయినా నాలుగు పాయింట్లు తగ్గాయి. పల్చబడిన బీర్లలో కొన్నింటి కథ ఇదే.

చల్లార్చే తీరు మారితే చేదు మారుతుంది

రాగి గొట్టం చుట్టను కెటిల్లో ముంచితే వోర్ట్ మొత్తం ఒకేసారి చల్లబడుతుంది. పలకల మధ్యగా పంపి చల్లార్చే ప్లేట్ చిల్లర్‌లో అలా కాదు. వోర్ట్ కొంచెం కొంచెంగా అందులోంచి ప్రవహిస్తుంది, మిగిలింది కెటిల్లో వేడిగానే కాచుకుని ఉంటుంది. 80 డిగ్రీల పైన ఉన్నంతసేపు హాప్స్ ఆమ్లాలు చేదుగా మారుతూనే ఉంటాయి. చివరి 10 నిమిషాలకని వేసిన కాస్కేడ్‌ ఇప్పుడు 25, 30 నిమిషాలు వేడిలో ఉన్నట్టు. వాసన తగ్గి చేదు పెరుగుతుంది. పైగా హాప్స్ ముక్కలు ప్లేట్ల మధ్య ఇరుక్కుంటే కంటికి కనబడవు, పూర్తిగా కడగడం కష్టం. పేల్ ఏల్ వరకు పాత రాగి చుట్టే నయమని నమ్మేవాళ్ల వాదనలో బలం ఉంది.

ఏ చిల్లరైనా కుళాయి నీటికన్నా చల్లగా చేయలేదు. టెక్సస్ ఎండాకాలంలో కుళాయి నీరే దాదాపు 30 డిగ్రీలు ఉంటే, వోర్ట్ అక్కడే ఆగుతుంది. మిగతా పని ఫ్రిజ్‌దే.

రుచి తేలేది పులిసే వేడి దగ్గరే

దోశపిండి చలికాలంలో ఎంతకీ పొంగదు, మే నెలలో పొద్దుటికల్లా పుల్లగిల్లుతుంది. ఈస్ట్ సంగతీ అంతే, కాకపోతే తప్పు వేరే రూపంలో తేలుతుంది. యూఎస్-05ని 18 నుంచి 20 డిగ్రీల మధ్య ఉంచితే పక్కకు తప్పుకుని హాప్స్‌ను మాట్లాడనిస్తుంది. 25 దాటిస్తే పండు వాసనలు, ఇంకా పైకి పోతే గొంతులో మంటపుట్టించే ఘాటు ఆల్కహాళ్లు పుడతాయి. ఆ ఘాటు నిల్వ పెట్టినా పోదు.

పులిసేటప్పుడు ఈస్ట్ తానే వేడి పుట్టిస్తుంది. రెండో రోజు జోరులో బకెట్టు లోపల గదికన్నా 3 నుంచి 5 డిగ్రీలు ఎక్కువ ఉండటం మామూలే. ఏసీని 23 దగ్గర పెట్టిన ఇంట్లో బీరు 27 దగ్గర పులుస్తుంది. గోడ మీది థర్మామీటరు చూసి అంతా సవ్యంగా ఉందనుకుంటారు.

వాడేసిన ఫ్రిజ్, దానికి ప్లగ్గు దగ్గర తగిలించే ఉష్ణోగ్రత కంట్రోలర్ ఈ సమస్యను తీరుస్తాయి. సెన్సర్ ఎక్కడ ఉందన్నదే కీలకం. ఫ్రిజ్‌లో గాలిలో వేలాడదీస్తే అది గాలిని చూసి ఆన్, ఆఫ్ అవుతూ ఉంటుంది; బీరు తన దారిన తాను వేడెక్కుతుంది. ఫెర్మెంటర్ గోడకు, బీరు ఉన్న ఎత్తులో, పైన స్పాంజి ముక్క పెట్టి టేపుతో బిగిస్తే దాదాపు బీరు వేడినే చూపిస్తుంది. మొదటి మూడు రోజులు 18 దగ్గర ఉంచి, జోరు తగ్గాక 20, 21కి వదిలితే, వెన్న వాసన తెచ్చే డయాసిటైల్‌ను ఈస్టే తినేస్తుంది.

మరి కోనికల్ సంగతి? అడుగున చేరిన మడ్డిని వాల్వ్ తిప్పి తీసేయవచ్చు, ఈస్ట్‌ను మళ్లీ వాడుకోవచ్చు, మూత తీయకుండా నమూనా పట్టొచ్చు. ఇవి నిజమైన సౌకర్యాలు. రెండు వారాల్లో ముగిసే 20 లీటర్ల పేల్ ఏల్‌కు మడ్డి మీద ఉండటం వల్ల చెప్పుకోదగ్గ చెడు జరగదన్నది అవతలి వాదన. రెండూ నిజమే. కోనికల్ పనిని సులువు చేస్తుంది, ఫ్రిజ్ బీరును బాగుచేస్తుంది.

స్టీలు వచ్చిందని శుభ్రత దానంతట అది రాదు. మూడు ముక్కల బాల్ వాల్వ్‌ను స్పానరుతో విప్పి, లోపలి గుండును బయటకు తీసి చూడండి. గుండుకూ తెల్లటి సీలుకూ మధ్య గోధుమరంగు జిగురు ఉంగరంలా అంటుకుని ఉంటుంది. వాల్వ్ మూసి ఉన్నప్పుడు గుండు రంధ్రంలో చిక్కిన వోర్ట్ అది. పైనుంచి ఎన్ని నీళ్లు పోసినా అక్కడికి చేరవు. బకెట్టులో ఎప్పుడూ పుల్లబడని బీరు ఖరీదైన ఫెర్మెంటర్‌లో పుల్లబడటానికి ఇదొక కారణం.

ఆక్సిజన్ మొదట మేలు, తర్వాత కీడు

ఈస్ట్ వేసే ముందు వోర్ట్‌ను గిలక్కొట్టమంటారు, పులిశాక ఒక్క బుడగ కూడా తగలనీయొద్దంటారు. ఇందులో వైరుధ్యం లేదు. ఈస్ట్ తన కణాల పైపొరలు కట్టుకోవడానికి మొదట్లో ఆక్సిజన్ వాడుకుంటుంది, పొడి ఈస్ట్‌కు అదీ అంతగా అక్కర్లేదు. పులిశాక వచ్చే ఆక్సిజన్‌ను తినేవాళ్లు లేరు. అది హాప్స్ నూనెల మీద పడుతుంది. పంపరపనస వాసన ముందు పోతుంది, రంగు ముదురుతుంది, నెల తిరిగేసరికి తడి అట్టపెట్టె రుచి వస్తుంది.

ఎంత గాలి చేరితే ఎంత నష్టమో చూద్దాం. ఫెర్మెంటర్‌లో బీరు పైన 5 లీటర్ల ఖాళీ ఉంది. 20 డిగ్రీల నుంచి 2 డిగ్రీలకు చల్లారిస్తే ఆ వాయువు 6 శాతం ముడుచుకుంటుంది. అంటే 0.3 లీటరు బయటి గాలి, పులిసే వాయువు బయటికి పోయేందుకు మూతకు పెట్టే ఎయిర్‌లాక్ గుండా లోపలికి. అందులో ఆక్సిజన్ సుమారు 84 మిల్లీగ్రాములు. అదంతా 21 లీటర్లలో కరిగితే లీటరుకు 4 మిల్లీగ్రాములు. పెద్ద బ్రూవరీలు 0.1 లోపు ఉంచాలని చూస్తాయి. పాత పద్ధతిలో ఈ ప్రమాదం లేదు, ఎందుకంటే అక్కడ చల్లార్చడమే లేదు. ఫ్రిజ్ వచ్చాకే ఇది మొదలైంది. చల్లార్చేముందు ఎయిర్‌లాక్ తీసి, కార్బన్ డయాక్సైడ్ నింపిన బెలూనో, సిలిండరు నుంచి అతి తక్కువ ఒత్తిడి గొట్టమో పెట్టేది ఇందుకే.

కెగ్‌లో గాలిని తరిమే లెక్క కూడా చాలామంది తక్కువగా వేసుకుంటారు. ఖాళీ కెగ్‌లోకి 30 పీఎస్ఐ ఒత్తిడి దాకా వాయువు ఎక్కించి వదిలితే లోపలి గాలి మూడో వంతు అవుతుంది. 21 శాతం ఆక్సిజన్ మొదటిసారికి 7, రెండోసారికి 2.3, ఐదోసారికి 0.09 శాతం. చిన్నగా కనిపిస్తుంది గానీ ఇంకా మిలియనుకు 860 భాగాలు. పదిసార్లు చేస్తే 4 భాగాల లోపు. లేదంటే కెగ్‌ను అంచు దాకా శానిటైజర్ నీళ్లతో నింపి, వాయువుతో ఆ నీళ్లను బయటికి నెడితే సరిపోతుంది. గాలికి మొదట్నుంచీ చోటే ఉండదు.

సీసాల వైపు మాట్లాడేవాళ్లకూ ఆధారం ఉంది. 19 లీటర్లకు సుమారు 120 గ్రాముల చక్కెర వేసి సీసాల్లో నింపితే, లోపల మళ్లీ పులిసే ఈస్ట్ మూత కింది ఆక్సిజన్‌లో కొంత వాడేసుకుంటుంది. గాలిని సరిగ్గా తరమని కెగ్‌కన్నా జాగ్రత్తగా నింపిన సీసానే మేలు. సరిగ్గా తరిమిన కెగ్ ముందు మాత్రం హాప్స్ వాసన విషయంలో సీసా నిలవదు.

కెగ్ బీరు నురగే నురగగా వస్తే వాయువు ఎక్కువైందనుకుని ఒత్తిడి తగ్గిస్తారు, బీరు చప్పబడుతుంది. 4 డిగ్రీల దగ్గర 11 పీఎస్ఐ అంటే పేల్ ఏల్‌కు సరైన 2.5 వాల్యూముల (బీరు పరిమాణానికి రెండున్నర రెట్లు) వాయువు. రెండు వారాల్లో నిలకడకు వస్తుంది. నురగకు తరచు కారణం గొట్టం పొట్టిగా ఉండటం. కిట్టుతో వచ్చే మీటరున్నర గొట్టం బదులు 3/16 అంగుళాల గొట్టం 3 మీటర్లు పెడితే, ఆ పొడవులోనే ఒత్తిడి అరిగిపోయి బీరు నెమ్మదిగా జారుతుంది.

నీళ్ల గురించి కొద్దిగా

కుళాయి నీళ్లలో క్లోరమైన్ ఉంటే మాల్ట్‌తో కలిసి ఆసుపత్రి వాసన వస్తుంది. ఒక్క క్యాంప్‌డెన్ బిళ్ల (సల్ఫైట్ మాత్ర) 75 లీటర్లకు విరుగుడు. ఆర్.ఓ. నీళ్లు వాడేవాళ్లు 30 లీటర్లకు 8 గ్రాముల జిప్సం, 3 గ్రాముల కాల్షియం క్లోరైడ్ కలిపితే లీటరుకు సల్ఫేట్ 150, క్లోరైడ్ 48 మిల్లీగ్రాముల దగ్గరికి వచ్చి చేదు పదునుగా తేలుతుంది. పది డాలర్లలోపు తేలే ఈ మార్పు కొన్నిసార్లు కెటిల్ మార్పుకన్నా ఎక్కువగా నాలుకకు తెలుస్తుంది.

కెటిల్ ముందా, ఫ్రిజ్ ముందా

కెటిల్ ముందు కొనాలనేవాళ్లు చెప్పేది ఒకే మాట: ప్రతిసారీ ఒకేలా రావాలి. వేడి, పరిమాణం, సాంద్రత స్థిరపడకపోతే దేనివల్ల ఏం మారిందో తెలియదు. అపార్ట్‌మెంట్లో గ్యాస్ బర్నర్ పెట్టుకోలేనివాళ్లకు ఎలక్ట్రిక్ కెటిల్ తప్ప దారి కూడా లేదు. ఫ్రిజ్, కెగ్ ముందనేవాళ్లు రుచి వైపు నిలబడతారు: 1.051కి బదులు 1.055 వస్తే తాగేవాళ్లకు తెలియకపోవచ్చు, 27 డిగ్రీల్లో పులిస్తే మొదటి గుక్కకే తెలుస్తుంది. పేల్ ఏల్ వరకు రెండో వాదనే బలంగా నిలుస్తుంది. బకెట్టు, పాత ఫ్రిజ్, గాలి తరిమిన కెగ్ ఉన్నచోట గంగాళంలో కాచిన వోర్ట్ కూడా చక్కటి పేల్ ఏల్ అవుతుంది.

కెటిల్ ఇప్పటికే వచ్చేసి ఉంటే దాని అంకెలు దానివే. 25 లీటర్ల మంచినీళ్లు పోసి గంట మరిగించి కొలిస్తే ఆవిరి ఎంతో తెలుస్తుంది, వాల్వ్ తెరిచి వదిలేశాక అడుగున మిగిలింది ఎంతో కూడా తెలుస్తుంది. ఎఫిషియెన్సీ మాత్రం మొదటి విడత అయ్యాకే బయటపడుతుంది. అది 82 శాతం అయితే టూ-రో 4.5 కిలోల నుంచి 3.9కి దిగుతుంది, క్రిస్టల్ 400 గ్రాముల దగ్గరే ఉంటుంది, హాప్స్‌లో ఒక్క గ్రాము మారదు. ఆ రెండో విడతలో సాంద్రత కొలిచే హైడ్రోమీటరు మళ్లీ 1.051 దగ్గర తేలుతుంది.